రాగి టేపుతో ఐరిస్ పూల గాజు పలక

గాజు ముక్క అంచుకు రాగి టేపు చుట్టి, ముక్కలను టంకంతో కలిపే ఈ పద్ధతిలోనే 1900 ప్రాంతంలో అమెరికాలోని టిఫానీ స్టూడియో పూల దీపాలు తయారయ్యాయి. ముక్కలను సీసపు పట్టీలతో బిగించే పద్ధతి కన్నా గీత సన్నగా వస్తుంది కాబట్టి పూరేకులకూ కాడలకూ ఇదే నప్పుతుంది. మొదటిసారికి 20×30 సెం.మీ. పలక, పాతిక ముక్కలు చాలు. ముక్కలు పెరిగితే పువ్వు కనబడదు, టంకమే కనబడుతుంది.

అసలు పని బొమ్మ గీయడం దగ్గరే ఉంది. ప్రతి టంకం గీతా కాడో, ఈనో, రేకు అంచో అయ్యుండాలి. మధ్యలో ఆగిపోయే గీతను గాజులో కొయ్యలేం. అది మరో గీతనో, పలక అంచునో తాకాలి. లోపలికి బాగా వంగిన ఆకారం ఉంటే అక్కడే ముక్కను రెండు చేయండి. ముక్కలకు నంబర్లు వేసి, మధ్య 0.8 మి.మీ. ఖాళీ ఉంచండి.

గాజు 3 మి.మీ. మందం, రంగు చారలున్నది తీసుకోండి. వెలుగుకు ఎదురుగా పట్టి చూసే ఎంచుకోవాలి. బల్లమీద కనిపించే రంగు వేరు. చార రేకు మొదలు నుంచి కొసకు నడిస్తేనే పువ్వుకు ప్రాణం.

రక్షణ కళ్లద్దాలు పెట్టుకుని, గాజు కట్టర్‌తో అంచు నుంచి అంచుకు ఒక్కసారే గీయండి. గీత మీద మళ్లీ గీస్తే కట్టర్ చక్రం పాడవుతుంది, గాజు పక్కకు విరుగుతుంది. లోపలి వంపును మూడు నాలుగు పలుచని పొరలుగా తీయాలి. గ్రైండర్‌తో తడి మీద అరగదీసి, కడిగి, పూర్తిగా ఆరనివ్వండి. పొడి మిగిలితే టేపు ఊడుతుంది.

టేపు వెడల్పు 5.5 మి.మీ. రెండు వైపులా సమానంగా మడిచి గట్టిగా రుద్దండి. ఓ పక్కకు జరిగితే గీత వంకరగా కనిపిస్తుంది.

ఫ్లక్స్ (టంకం రాగికి అంటుకునేలా చేసే రసాయనం) రాసి, 60/40 టంకంతో (60% తగరం, 40% సీసం) ముందు కూడళ్లలో చుక్కలు పెట్టి, తర్వాత గీతలు నింపండి. 50/50 ఆలస్యంగా గడ్డకడుతుంది, గుండ్రటి గీత రాదు. టంకం కరిగించే ఐరన్‌ను ఒకేచోట నిలిపితే గాజు పగులుతుంది. టంకం కిందికి కారితే ఖాళీ ఎక్కువైనట్టు. చల్లారనిచ్చి రెండోవైపు నింపండి. టంకంలో సీసం ఉంది: గాలి ఆడే చోట చేయండి, తినే ముందు చేతులు కడగండి.

ఫ్లక్స్‌ను అదే రోజు సబ్బునీళ్లతో కడగకపోతే తెల్లటి పొర కడుతుంది. కొక్కేలను అంచు టేపుకు అతికించకండి, బరువుకు టేపు ఊడిపోతుంది. చుట్టూ జింక్ ఫ్రేమ్ వేసి దానికే టంకం పెట్టండి.