పాత ట్రాక్టర్ స్టార్ట్ కావడం లేదా? చేయి పెట్టే ముందు ఈ జాగ్రత్తలు

• బండిని చదునైన నేల మీద ఉంచి, గేరు న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్ బ్రేక్ వేయండి. వెనక చక్రాలకు ముందూ వెనకా రాళ్లు పెట్టండి. కల్టివేటర్ పైకి లేచి ఉంటే నేలకు దించండి.

• అన్నిటికన్నా ముఖ్యమైనది ఇది. కింద నిలబడి స్క్రూడ్రైవర్‌తో సెల్ఫ్ మోటారు (ఇంజిన్‌ను తిప్పి స్టార్ట్ చేసే మోటారు) టెర్మినళ్లు కలిపి స్టార్ట్ చేయవద్దు. గేరులో ఉన్నా ఇంజిన్ అందుకుంటుంది, బండి కదిలి వెనక చక్రం మనిషి మీదకు ఎక్కేస్తుంది. పక్కకు తప్పుకునే టైమ్ కూడా ఉండదు. ఎంత అనుభవం ఉన్నవాళ్లయినా దయచేసి ఈ పని మానేయండి. సీట్లో కూర్చునే తాళం తిప్పండి.

• వైర్లు ముట్టుకునే ముందు తాళం తీసి జేబులో వేసుకోండి. బ్యాటరీ నెగటివ్ వైరు ముందు విప్పాలి, చివర బిగించాలి. ఉంగరం, వాచీ, కడియం తీసేయండి. బ్యాటరీ దగ్గర బీడీ, అగ్గిపుల్ల వద్దు. ఛార్జింగ్‌లో వచ్చే హైడ్రోజన్ నిప్పు తగిలితే పేలుతుంది.

• ముందు మీటరుతో బ్యాటరీ వోల్టేజీ చూడండి. 12.6 వోల్టులు ఉంటే నిండుగా ఉన్నట్టు. 12 కన్నా తక్కువైతే ఇంజిన్ జోలికి పోకుండా ఛార్జింగ్ పెట్టండి. చాలాసార్లు తెల్లగా బూజు పట్టిన టెర్మినళ్లే కారణం.

• సెల్ఫ్ ఒకసారికి 10 సెకన్లు మించి కొట్టవద్దు, మధ్యలో రెండు నిమిషాలు ఆగండి.

• ఇంజెక్టర్ (ఇంజిన్‌లోకి డీజిల్ చిమ్మే భాగం) పైపు లీకును వేలితో వెతకవద్దు. ఆ ఒత్తిడికి డీజిల్ చర్మంలోకి దూరిపోతుంది, అలా జరిగితే చిన్న గాయమే అనిపించినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

• పిల్లల్ని దూరంగా ఉంచండి. భుజం మీది తువ్వాలు తీసి పక్కన పెట్టండి.