సొంతంగా కట్టిన ఆర్‌సీ యుద్ధవిమానానికి యూఐఎన్ తీసుకోవడం ఎలా? ముందు తూకం వేయండి, తర్వాతే దరఖాస్తు

బల్సా చెక్కతో కట్టినా, ఫోమ్ షీట్ కోసి అతికించినా, రిమోట్‌తో ఎగిరే స్కేల్ యుద్ధవిమానం (అసలు విమానాన్ని కొలతల ప్రకారం కుదించిన నమూనా) మన చట్టం లెక్కలో డ్రోన్ల కిందికే వస్తుంది. నాలుగు ఫ్యాన్లు ఉంటేనే డ్రోన్ అనుకోవద్దు, 2021 ఆగస్టు 25న వచ్చిన డ్రోన్ నియమాల్లో రెక్కల విమానాలు కూడా ఉన్నాయి. కాబట్టి దానికి యూఐఎన్ అనే గుర్తింపు నంబర్ తీసుకోవాలి. ఫీజు 100 రూపాయలు. ఈ 100 రూపాయల పనికి హన్మకొండలో, కరీంనగర్‌లో ఏజెంట్లు వేలకు వేలు అడుగుతున్నారని, ఇంజనీరింగ్ చదివే పిల్లలు ఇంట్లో అడిగి తెచ్చి మరీ ఇస్తున్నారని విన్న తర్వాతే ఇది రాస్తున్నాను.

ఏజెంటు చెప్పే మాటలు దాదాపు ఎప్పుడూ మూడే. టైప్ సర్టిఫికెట్ కావాలి, పైలట్ లైసెన్స్ కావాలి, పోలీసు ఎన్‌ఓసీ కావాలి. మొదటిది మీకు అక్కర్లేదు. 25 కిలోలు మించకుండా, చదువుకో పరిశోధనకో సరదాకో మాత్రమే, కంటికి కనిపించేంత దూరంలోనే ఎగిరే వాటికి నియమాల్లో మోడల్ అని వేరే వర్గం ఉంది, ఆ వర్గానికి టైప్ సర్టిఫికెట్ నుంచి పూర్తి మినహాయింపు. అది కంపెనీలు తమ డిజైన్‌ను పరీక్షల్లో పాస్ చేయించుకుని తెచ్చుకునే పత్రం, ఇంట్లో కట్టిన ఒక్క విమానానికి దాన్ని ఇప్పిస్తానన్నవాడి చేతిలో ఒక్క రూపాయి పెట్టొద్దు. రెండో మాట నిజమా కాదా అన్నది మీ విమానం బరువు చెబుతుంది. మూడోదాని గురించి కింద రాశాను.

దరఖాస్తు సంగతి తొందరగా చెప్పేస్తాను. పౌర విమానయానాన్ని నియంత్రించే కేంద్ర సంస్థ డీజీసీఏ అధికారిక పోర్టల్లో (అడ్రస్ చివర గవ్ డాట్ ఇన్ ఉందో లేదో చూసుకోండి, అచ్చం అలాగే కనిపించే ప్రైవేటు సైట్లు ఉంటాయి) మీ పేరుతో ఖాతా తెరవాలి, మొబైల్, ఈమెయిల్ ఓటీపీలు కొట్టాలి, గుర్తింపు, చిరునామా వివరాలు ఇవ్వాలి, డీ-2 ఫారం నింపాలి, ఫీజు ఆన్‌లైన్‌లో కట్టాలి. పోర్టల్ సతాయిస్తే రాత్రిపూట ప్రయత్నించండి. ఖాతా మాత్రం మీ నంబర్ మీదే ఉండాలి. ఏజెంటు తన మొబైల్ నంబర్‌తో తెరిస్తే రేపు ఏ చిన్న మార్పు కావాలన్నా ఓటీపీ కోసం మళ్లీ వాడి గుమ్మం ముందే నిలబడాలి.

అసలు చిక్కు బరువు దగ్గర. ఫారంలో అడిగేది ఆల్-అప్ వెయిట్, అంటే గాల్లోకి లేచేటప్పుడు విమానం మొత్తం బరువు, బ్యాటరీతో సహా. 250 గ్రాముల లోపు నానో, ఆపైన రెండు కిలోల దాకా మైక్రో, రెండు నుంచి 25 కిలోల దాకా స్మాల్. స్కేల్ యుద్ధవిమానాలు సరిగ్గా ఆ రెండు కిలోల గీత చుట్టుపక్కలే తిరుగుతుంటాయి, అందరూ దెబ్బతినేది అక్కడే.

ఒక ఉదాహరణ తీసుకుందాం. రెండో ప్రపంచ యుద్ధం నాటి బ్రిటిష్ యుద్ధవిమానం స్పిట్‌ఫైర్ కట్టాలనుకునే మనవాళ్లకు 152 హైదరాబాద్ స్క్వాడ్రన్ కంటే మంచి ఎంపిక లేదు. నిజాం పేరు మీదుగా ఆ పేరు పెట్టుకున్న బ్రిటిష్ దళం అది, 1940లో ఇంగ్లండ్ మీద జరిగిన వైమానిక యుద్ధంలో స్పిట్‌ఫైర్లు నడిపింది, విమానాల పక్కన యూఎం అనే అక్షరాలు ఉండేవి. అసలు విమానం రెక్కల వెడల్పు 11.23 మీటర్లు, ఎనిమిదో వంతు స్కేల్‌లో కడితే 1.4 మీటర్లు. కిట్ డబ్బా మీద 1.7 కిలోలు అని ఉంటుంది, కుర్రాడు అదే అంకె ఫారంలో వేసేస్తాడు. ఆ తర్వాత రెక్కల మీద సన్నటి గ్లాస్ క్లాత్ అతికిస్తాడు, ప్రైమర్ కొడతాడు, పైన ఆకుపచ్చ, మట్టిరంగు, కింద లేత రంగు, గుండ్రటి గుర్తులు, లోపలికి మడుచుకునే చక్రాలు. అన్నీ అయ్యాక వేళ్ల మీద పెట్టి చూస్తే తోక వైపు వాలుతుంది, ఎందుకంటే తోక చాలా దూరంగా ఉంటుంది, అక్కడ పెట్టిన ప్రతి గ్రాముకూ ముక్కులో కొన్ని రెట్లు పెట్టాల్సి వస్తుంది. ముక్కు మీది కవర్ (కౌలింగ్) లోపల సీసం ముక్కలు అతికించి సమం చేసేసరికి బరువు రెండు కిలోలు దాటిపోతుంది. ఫారంలో మైక్రో, చేతిలో స్మాల్. ఇక ఆ యూఐఎన్‌లో రాసిన విమానం వేరు, మీరు ఎగరేసే విమానం వేరు.

అందుకే రంగు ఆరి, సీసం పెట్టి, బ్యాటరీ బిగించి, ప్రొపెల్లర్ తగిలించిన తర్వాత తూకం వేయండి. స్ప్రింగు కాంటా నమ్మొద్దు, కిరాణా కొట్టులోనో కొరియర్ ఆఫీసులోనో ఎలక్ట్రానిక్ కాంటా ఉంటుంది, రెక్క విప్పి ముక్కలు ముక్కలుగా వేసినా ఫర్వాలేదు, కలిపి లెక్క వేయండి. అంకె కనిపించేలా ఫోటో తీసి పెట్టుకోండి. మొదటి విమానమైతే 1.7 దగ్గర ఆగేలా కట్టండి, రంగు పలచగా కొట్టండి, తోక చివర్లో జిగురు తగ్గించండి. స్కేల్ పెంచాలన్న ఆశ కూడా అదుపులో పెట్టుకోవాలి. ఎనిమిదో వంతులో 1.8 కిలోలున్న అదే విమానాన్ని అదే పద్ధతిలో ఆరో వంతులో కడితే నాలుగు కిలోలు దాటుతుంది, బరువు మూడు వైపులా పెరుగుతుంది కదా.

ఆ రెండు కిలోల గీతకు అంత విలువ ఎందుకంటే, పైలట్ సర్టిఫికెట్ నుంచి మినహాయింపు నానోకీ, వ్యాపారం కోసం కాని మైక్రోకీ మాత్రమే రాసి ఉంది. రెండు కిలోల లోపు, సరదాకు ఎగరేసేవాళ్లు ఆ టెన్షన్ పెట్టుకోనవసరం లేదు. దాటితే రిమోట్ పైలట్ సర్టిఫికెట్ కావాలి, దానికి 18 నుంచి 65 ఏళ్ల వయసు, పదో తరగతి పాస్, డీజీసీఏ అనుమతి ఉన్న శిక్షణ సంస్థలో కోర్సు. ఆ కోర్సు చేయకుండా సర్టిఫికెట్ ఇప్పిస్తానన్న మాట పచ్చి మోసం. ఇంకొకటి, కాలేజీ ఫెస్ట్‌లో పైసలు తీసుకుని షో చేస్తే అది వ్యాపారమే అవుతుంది, మైక్రో మినహాయింపు అక్కడ అడగలేరు.

రెండో చిక్కు సీరియల్ నంబర్లు. యూఐఎన్‌ను మూడింటికి కలుపుతారు: తయారీదారు ఇచ్చిన విమానం నంబర్, లోపలి ఫ్లైట్ కంట్రోల్ మాడ్యూల్ నంబర్, చేతిలోని రిమోట్ నంబర్. ఇంట్లో కట్టినదానికి తయారీదారు మీరే కాబట్టి మీరే ఒక నంబర్ నిర్ణయించి, చెరిగిపోని ఇంకుతో లోపలి చెక్క మీద రాయండి. లోపలి మాడ్యూల్ స్టిక్కర్‌ను మాత్రం పొట్ట మూసేయకముందే ఫోటో తీయాలి. చాలామంది దాన్ని కాక్‌పిట్ కింద ఇరికించి, పైన అంతా అతికించి, ఫారం దగ్గర కూర్చున్నాక నంబర్ కోసం మళ్లీ బ్లేడు పట్టుకుంటున్నారు. రేపు కూలిపోయి ఆ మాడ్యూల్ గానీ రిమోట్ గానీ మారిస్తే పాత నంబర్ పనికిరాదు, ఎగరేసే ముందే పోర్టల్లో మార్చుకోవాలి.

ఇక పోలీసు ఎన్‌ఓసీ. డ్రోన్లు ఎక్కడ ఎగరేయొచ్చో చూపే ప్రభుత్వ డిజిటల్ స్కై మ్యాప్‌లో గ్రీన్ జోన్ అని చూపించే చోట 400 అడుగుల లోపు ఎగరడానికి విడిగా అనుమతి అక్కర్లేదు. కానీ ఎస్పీ స్థాయికి తగ్గని అధికారి ఏ ప్రాంతాన్నైనా ఒకసారికి 96 గంటల దాకా తాత్కాలిక రెడ్ జోన్‌గా, అంటే అనుమతి లేకుండా ఎగరేయకూడని చోటుగా ప్రకటించవచ్చు, వీఐపీ పర్యటనలున్నప్పుడు, మేడారం జాతర రోజుల్లో ఈ సంగతి గుర్తుపెట్టుకోండి. మ్యాప్ ఎగరేసే రోజే చూడండి, నిరుటి స్క్రీన్‌షాట్ చాలదు. వరంగల్ దగ్గర మామునూరు పాత రన్‌వే ఖాళీగా కనిపిస్తోందని అటు పోవద్దు. అక్కడ పోలీసు బెటాలియన్ ఉంది, విమానాశ్రయం పునరుద్ధరణకు 2025లో కేంద్రం ఆమోదం కూడా వచ్చింది. రామగుండంలో థర్మల్ ప్లాంటు వైపు కూడా అంతే. పత్తి ఏరేసిన చేను ఉంటే రైతును అడిగి అక్కడ ఎగరేయండి, అది అందరికీ మంచిది.

నియమం అడగకపోయినా దగ్గరి స్టేషన్‌లో ఒక కాగితం ఇచ్చి కాపీ మీద ముద్ర వేయించుకోమని నా సలహా. యుద్ధవిమానం ఆకారం చూసి ఊళ్లో ఎవరో ఫోన్ చేస్తారు, కానిస్టేబుల్ వస్తారు, కంగారు పడాల్సిన పని లేదు. యూఐఎన్ ప్రింటు, తూకం ఫోటో, థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ కాగితం (నానోకి తప్ప మిగతా వాటికి ఇది కావాలి), ముద్ర ఉన్న కాపీ, ఈ నాలుగూ రిమోట్ పెట్టెలోనే ఉంచుకోండి.