తిరుపతి పక్షి పరిశీలన బృందానికి ఏడాది ప్రణాళిక వేసుకునే విధానం

తిరుపతి, చిత్తూరు ప్రాంతాల్లో పక్షి పరిశీలన బృందాన్ని నడపదలచినవారు ముందుగా ఊరికి దగ్గరలో ఒక చెరువును ఎంచుకోవాలి. ప్రతి నెలా అదే చెరువుకు, అదే కట్ట మీదికి, అదే వేళకు వెళ్లి లెక్క రాసుకుంటూ ఉంటే, ఏ పక్షి ఎప్పుడు వచ్చిందో, ఎప్పుడు వెళ్లిందో, ఏ ఏడాది అసలు రాలేదో ఆ పుస్తకమే చెబుతుంది. దూరప్రయాణాలు ఏడాదికి రెండు చాలునని నా అభిప్రాయం.

చెరువును ఎంచుకునేటప్పుడు అందం కన్నా నీటి లోతును చూడాలి. ఒక వైపు లోతు, మరో వైపు పల్చని నీరు, బురద ఉన్న చెరువైతే నీటికాకులు, బొల్లికోళ్లు లోతున ఈదుతుండగా కొంగలు, ఉల్లంకులు అంచున మేస్తూ కనిపిస్తాయి. రామచంద్రాపురం మండలంలోని రాయలచెరువు వంటి పెద్ద చెరువులో పక్షులన్నిటినీ ఒక్క గుంపే లెక్కించడం కుదరదు కాబట్టి, కట్టను భాగాలుగా పంచుకోవాలి. 2021 నవంబరు వర్షాలకు ఆ కట్ట తెగుతుందేమోనన్న భయంతో దిగువ గ్రామాలవారిని ఖాళీ చేయించవలసి వచ్చింది. భారీ వర్షాల తరువాత స్థానికులను అడగకుండా ఏ చెరువు కట్ట మీదికీ వెళ్లకూడదు.

మన ప్రాంతంలో ఈశాన్య రుతుపవనాలు అక్టోబరు నుంచి డిసెంబరు వరకు చెరువులను నింపుతాయి కనుక, బృందం సంవత్సరం కూడా అక్టోబరులోనే మొదలుకావాలి. చెరువు నిండగానే వెళ్లాలన్న ఉత్సాహం సహజమే. అయితే నీరు అంచుల దాకా ఉన్నప్పుడు బురద కనిపించదు, బాతులు దూరంగా చెదిరిపోయి ఉంటాయి. జనవరి, ఫిబ్రవరి నెలల్లో నీరు వెనక్కి తగ్గేకొద్దీ పక్షులు దగ్గరకు చేరతాయి. అందువల్ల కొత్త సభ్యులను, పిల్లలను పిలిచే పెద్ద కార్యక్రమాన్ని జనవరి చివరికి ఉంచడం మంచిది. ఆసియా నీటిపక్షుల గణన కూడా జనవరిలోనే జరుగుతుంది. ఫిబ్రవరి మధ్యలో నాలుగు రోజులపాటు సాగే గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్ అనే ప్రపంచవ్యాప్త పక్షుల లెక్కింపుకు కనీసం 15 నిమిషాలు ఒకచోట నిలబడి లెక్కిస్తే చాలు. చెరువు దాకా రాలేని పెద్దవారు ఇంటి మేడ మీదనుంచే పాల్గొనవచ్చు.

నడక రోజున తెల్లవారగానే బయలుదేరాలి. సూర్యుడు వీపు వైపు ఉండేలా నిలబడకపోతే నీటి మీది పక్షులన్నీ నల్లగానే కనిపిస్తాయి. పదిహేను మందికి మించితే రెండు గుంపులు చేయాలి. ఒకరు ముందు, ఒకరు వెనుక నడవాలి, రాసే పని మాత్రం ఒక్కరికే అప్పగించాలి. బైనాక్యులర్లు కొత్తగా కొనేవారికి 8×42 రకం (ఎనిమిది రెట్లు పెద్దదిగా చూపే, 42 మి.మీ. ముందు కటకం ఉన్నది) సరిపోతుంది. తేదీ, వేళ, నీటిమట్టం, పక్షుల సంఖ్య రాయాలి. ఆ రోజు పక్షులేవీ లేకపోతే ఆ విషయాన్నీ రాయాలి, ఎందుకంటే తరువాతి సంవత్సరాలతో పోల్చేటప్పుడు అది కూడా విలువైన సమాచారమే. చెరువు దగ్గర చేపలు పట్టేవారిని, గొర్రెల కాపరులను పలకరించి వారికి తెలిసింది అడగాలి. వారు రోజూ చూసేది మనం నెలకు ఒకసారి చూస్తాం.

దూరప్రయాణాల్లో మొదటిది నేలపట్టు పక్షుల అభయారణ్యం, పులికాట్ సరస్సు. నేలపట్టులో గూడబాతులు, నత్తగుల్ల కొంగలు నీటిలో నిలిచిన చెట్లపై గూళ్లు కట్టి పిల్లలను పెంచుతాయి. ఆ పక్షులను ఆ ఊరివారు తరాలుగా కాపాడుతున్నారు. రెట్టలు కలిసిన నీరు పొలాలకు బలమిస్తుందని వారి అనుభవం. అక్కడినుంచి సూళ్లూరుపేట–శ్రీహరికోట రోడ్డు మీదికి వెళితే, నీరు తక్కువగా ఉన్న చోట రాజహంసలు (ఫ్లెమింగోలు) కనిపిస్తాయి. ఫ్లెమింగో పండుగ రోజుల్లో జనం ఎక్కువ కనుక, నింపాదిగా పరిశీలించదలచినవారు మామూలు రోజున వెళ్లాలి.

రెండవది కొండ ప్రయాణం. దక్షిణ భారతంలోని రాతికొండలకే పరిమితమైన పసుపు గొంతు పిగిలిపిట్ట శేషాచలం కొండల్లోనూ, మదనపల్లె దగ్గరి హార్స్‌లీ కొండల్లోనూ ఉంది. బండరాళ్ల మధ్య పొదల దగ్గర ఓపికగా కూర్చోవాలి. దానిని రప్పించడానికి ఫోనులో అదే జాతి పక్షి కూత వినిపించడాన్ని బృందం పూర్తిగా నిషేధించాలి, ఎందుకంటే లేని ప్రత్యర్థి కోసం వెతుకుతూ అది మేత మానుకొంటుంది. గూళ్లున్న చోటును బయట చెప్పకూడదు, ఫోటోల కోసం కొమ్మలు తొలగించకూడదు. శేషాచలంలో ఎర్రచందనం దొంగలపై నిఘా ఉంటుంది కాబట్టి, అటవీశాఖ రాతపూర్వక అనుమతి లేకుండా లోపలికి అడుగు పెట్టకూడదు. 2023లో తిరుమల నడకదారిలో చిరుత దాడికి ఒక చిన్నారి బలైంది. కొండ అంచున ఎక్కడైనా పిల్లలను మధ్యలో ఉంచుకొని, పూర్తిగా వెలుతురు వచ్చాకే నడవాలి.

వేసవిలో నడకను ఎండ ముదరకముందే ముగించి, సాయంత్రం ఒక గదిలో కలుసుకొని పుస్తకంలోని లెక్కలను సరిచూసుకోవాలి. ఆ నెలల్లో తీతువు పిట్టలు బోడినేల మీదే గుడ్లు పెడతాయి, వాటి అరుపు వినగానే వెనక్కి తిరగాలి. వానలు మొదలయ్యాక బావుల మీదికి వంగిన చెట్లకు గిజిగాళ్లు గూళ్లు అల్లుతాయి. మగపిట్ట సగం అల్లిన గూడు ఆడపిట్టకు నచ్చితేనే పూర్తవుతుంది కాబట్టి, సగం గూళ్లను, పూర్తయిన గూళ్లను వేరువేరుగా లెక్కించాలి.

సెప్టెంబరు మొదట్లో సభ్యులందరూ కలిసి వచ్చే ఏడాది తేదీలు నిర్ణయించుకోవాలి. బ్రహ్మోత్సవాల వారంలో బస్సులు, వాహనాలు దొరకడం కష్టం కనుక ఆ రోజులను వదిలి, ప్రతి తేదీకి వాన పడితే వెళ్లే మరో తేదీని కూడా పక్కనే రాసుకోవాలి.