విమాన దూరం చూసి ప్రయాణ సమయం లెక్క వేస్తున్నారా?

రెండు చిన్న విమానాశ్రయాల మధ్య దూరం వెతికితే కనిపించే అంకె, భూగోళం మీద దారం లాగి పట్టుకున్నట్టు కొలిచిన అతి దగ్గరి దూరం. విమానం సరిగ్గా ఆ గీత మీదే వెళ్లదు. పైగా ఆ అంకె కిలోమీటర్లలో ఉందో, నాటికల్ మైళ్లలో ఉందో ముందు చూసుకోండి. ఒక నాటికల్ మైలు అంటే 1.852 కిలోమీటర్లు, 200 అని ఉంటే అది దాదాపు 370 కిలోమీటర్లన్నమాట.

ఇక సమయం. చాలామంది దూరాన్ని వేగంతో భాగించి ఊరుకుంటారు, పొరపాటు అక్కడే జరుగుతుంది. టికెట్ మీద ఉండే వ్యవధిలో విమానం రన్‌వే దాకా నెమ్మదిగా కదలడం, పైకి ఎక్కడం, దిగడం, ఆగే చోటికి చేరడం అన్నీ కలిసి ఉంటాయి. ఏటీఆర్ 72 లాంటి ప్రొపెల్లర్ విమానం గంటకు సుమారు 500 కిలోమీటర్ల వేగంతో వెళ్తుంది. 370 కిలోమీటర్లకు 44 నిమిషాలు, దానికి మరో అరగంట కలపండి: గంటంపావు. ఈ అరగంట నేను ఎప్పుడూ కలుపుకునే ఉజ్జాయింపు లెక్క. జెట్ అయితే చాలా ముందే చేరతామనుకోకండి. ఇంత తక్కువ దూరంలో అది ఎక్కడానికీ దిగడానికే ఎక్కువ సమయం తీసుకుంటుంది, పూర్తి వేగంతో ఎగిరేది కాసేపే.

అన్నిటికన్నా ముఖ్యంగా, నేరుగా వెళ్లే విమానం ఉందో లేదో చూడండి. లేకపోతే మధ్యలో పెద్ద విమానాశ్రయంలో మారాలి, గంట ప్రయాణం కాస్తా ఆరేడు గంటలు కావచ్చు. అప్పుడు రైలో బస్సో ముందుగా చేర్చవచ్చు.