జీ-ప్రోటీన్ బ్రేక్‌ను ప్రీపల్స్‌తో పట్టుకోవడం ఎలా?

సింపథెటిక్ న్యూరాన్‌పై (గుండె, రక్తనాళాల వంటివాటిని అదుపుచేసే నాడీకణం) నార్‌ఎడ్రినలిన్ అనే నాడీ రసాయనం వేయగానే కాల్షియం కరెంట్, అంటే చానళ్ల గుండా కణంలోకి వచ్చే కాల్షియం ప్రవాహం, తగ్గిందా? జీ-ప్రోటీన్ (కణంలో సంకేతాలు మోసే ప్రోటీన్) భాగాలైన బీటా-గామా జంట పనేనని అప్పుడే రాసేసుకోకండి. నేనైతే ముందు డబుల్ పల్స్ పెట్టి చూస్తాను: ఒకే వోల్టేజ్ పల్స్ రెండుసార్లు, రెండోదానికి ముందు ప్రీపల్స్ అనే బలమైన పల్స్.

సెల్‌ను మైనస్ 80 మిల్లీవోల్టుల దగ్గర ఉంచండి. బయటి ద్రావణంలో కాల్షియం బదులు, అవే చానళ్ల గుండా వెళ్లే బేరియం వాడండి. కరెంట్ కొలిచే గాజు పిపెట్‌లో, జీ-ప్రోటీన్ పనిచేయడానికి కావలసిన జీటీపీ అణువును మాత్రం మరవద్దు. ముందు సున్నా మిల్లీవోల్టులకు ఒక పల్స్. కాస్త ఆగి ప్లస్ 80కి బలమైన ప్రీపల్స్, మళ్లీ మైనస్ 80కి ఓ పది మిల్లీసెకన్లు, వెంటనే సున్నాకు రెండో పల్స్.

ఇక కరెంట్ మొదలయ్యే చోటు పెద్దది చేసి చూడండి. ఈ పరీక్షలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇదే. మొదటి పల్స్‌లో కరెంట్ నెమ్మదిగా పెరుగుతుంది. రెండోదాంట్లో చప్పున లేస్తుంది, ఎత్తూ ఎక్కువే. బీటా-గామా జంట ఎన్-టైప్ చానల్‌కు (కాల్షియం చానళ్లలో ఒక రకం) అతుక్కుని దాన్ని సులువుగా తెరుచుకోనివ్వదు. బలమైన వోల్టేజ్ ఆ పట్టు వదిలిస్తుంది. ఈ జంట పాత్ర 1996లో బయటపడింది. ప్రీపల్స్ తర్వాత విరామం మరీ పెంచితే జంట మళ్లీ అతుక్కుంటుంది, తేడా కనబడదు.

నార్‌ఎడ్రినలిన్ వేయకముందు కూడా ఇదే కొలత తప్పకుండా తీయండి. ప్రీపల్స్‌కు లొంగని తగ్గుదల మిగిలితే, దాని దారి వేరు.