జోంగా లాంటి పాత ఆరు సిలిండర్ల బండికి స్పార్క్ ప్లగ్గులు ఎంచుకోవడం ఎలా?

బత్తాయి తోటకో, గుట్టల మీదికో తిప్పడానికని ఆర్మీ వేలంలో పోయిన జోంగా జీపును ముచ్చటపడి కొనుక్కుంటారు. టైర్లకు, టాపుకు, లైట్లకు లక్షలు పోస్తారు. బోనెట్ ఎత్తి చూస్తే మాత్రం ఆరు ప్లగ్గుల్లో మూడు ఒక కంపెనీవి, రెండు ఇంకో కంపెనీవి, ఆరోది ఎవరి బుల్లెట్‌లోంచో పీకింది. ఆ పైన "మిస్సింగ్ కొడుతున్నది, కార్బురేటర్ పోయినట్టుంది" అని నా దగ్గరికి వస్తారు. పోయింది కార్బురేటర్ కాదు. షెడ్డులో ఎవరో "మర పట్టింది కదన్నా, నడుస్తది" అన్నారు, మీరు సరేనన్నారు, అంతే జరిగింది. మర (ప్లగ్గును తిప్పి బిగించే చుట్లు) పట్టడం వేరు, ఇంజనుకు సరిపోవడం వేరు.

మీ జోంగాకు డీజిల్ ఇంజను ఎక్కించి ఉంటే ఇక్కడితో ఆగిపోవచ్చు, దానికి స్పార్క్ ప్లగ్గులే ఉండవు. ఇది పెట్రోలు బండి ఉన్నవాళ్ల కోసం. జోంగా అంటే నిస్సాన్ పాట్రోల్ 60 సిరీస్. నిస్సాన్ లైసెన్సు మీద జబల్‌పూర్‌లోని వెహికిల్ ఫ్యాక్టరీలో సైన్యం కోసం తయారైంది. ఇంజను 3956 సీసీ, వరుసగా ఆరు సిలిండర్లు, ఒకటే కార్బురేటర్. సైన్యం వాడిన నిస్సాన్ వన్ టన్ లారీలోనూ ఇదే ఇంజను. అందుకని సికింద్రాబాద్ రాణిగంజ్‌లో "జోంగా సామాను ఉందా" అంటే తల అడ్డంగా ఊపిన దుకాణంలోనే "వన్ టన్ సామాను" అని అడిగి చూడండి.

1. సామాను

లోపల రబ్బరు ఉన్న ప్లగ్గు పానా, ఫీలర్ గేజ్ (సందు కొలిచే సన్నటి రేకులు), వెర్నియర్ స్కేలు, టార్చి, గాలి కొట్టే పంపు. ఆరు గుంటలు ఉండేలా కోసిన కోడిగుడ్ల అట్ట. ఈ అట్టను చూసి నవ్వకండి, దాని పని కింద తెలుస్తుంది.

2. పాత ప్లగ్గులు తీయడం

తీసే ముందు బండిని ఎలా నడిపి ఆపాలో నాలుగో భాగంలో ఉంది, అది చదివాకే మొదలుపెట్టండి. ఇంజను పూర్తిగా చల్లారాలి. వైర్ల మీద 1 నుంచి 6 దాకా టేపుతో నంబర్లు వేయండి. రేడియేటర్ వైపుది ఒకటి. ప్లగ్గు గుంటల్లో మన ఎర్రమట్టి దుమ్ము దిట్టంగా పేరుకుని ఉంటుంది. ముందు గాలి కొట్టి, ఆ తర్వాతే పానా పెట్టండి. లేకపోతే ఆ దుమ్మంతా నేరుగా సిలిండర్‌లో పడుతుంది. తీసిన ప్లగ్గును తీసినట్టే అట్టలో దాని వరుసలో పెట్టండి. గుడ్డతో తుడవొద్దు, పెట్రోలుతో కడగొద్దు.

3. కొలతలు

మర వ్యాసం, మర పొడవు, కూర్చునే తీరు అని చూసుకోవాల్సినవి మూడు. ఈ కాలపు పెద్ద పెట్రోలు ఇంజన్లలో వ్యాసం ఎక్కువగా 14 మి.మీ. ఉంటుంది. పొడవులో మాత్రం జాగ్రత్త. 12.7 మి.మీ., 19 మి.మీ. అని రెండు రకాలు బాగా కనిపిస్తాయి. వాషర్‌ను వదిలేసి, అది ఆనే అంచు నుంచి మర చివరిదాకా వెర్నియర్‌తో కొలవండి. అంతటితో ఊరుకోవద్దు. బండి ఎన్ని చేతులు మారిందో మీకు తెలియదు, మీరు తీసిన ప్లగ్గే తప్పుది కావచ్చు. సన్నటి తీగ చివర కొద్దిగా వంచి, ఇంజను హెడ్డులో ప్లగ్గు దిగే రంధ్రంలో మర ఎంత లోతుందో చూసుకోండి.

పొడుగు రంధ్రంలో పొట్టి ప్లగ్గు పెడితే మిగిలిన మరల్లో కార్బన్ గడ్డకట్టి, రేపు సరైన ప్లగ్గు తెచ్చినా దిగదు. పొట్టి రంధ్రంలో పొడుగు ప్లగ్గు పెడితే పిస్టన్‌కు గాని వాల్వుకు గాని తగలొచ్చు. తగలకపోయినా బయటికి వచ్చిన మరలు ఎర్రగా కాగి ఇంజనును చెడగొడతాయి. రెండు వాషర్లు వేసి సర్దుదామనే తెలివి వద్దు.

కూర్చునే తీరు అంటే, వాషర్‌తో చదునుగా ఆనేది ఒకటి, వాషర్ లేకుండా వాలుగా దిగేది ఇంకోటి. ఒకదాని బదులు ఇంకోటి పనికిరాదు.

4. హీట్ రేంజ్

అందరూ బోల్తాపడేది ఇక్కడే. ముందు ఒక అపోహ సంగతి. "హాట్ ప్లగ్గు వేస్తే స్పార్కు గట్టిగా వస్తుంది" అంటారు. రాదు. స్పార్కు వచ్చేది కాయిల్ నుంచి. హాట్, కోల్డ్ అనేవి ప్లగ్గు మొన తన వేడిని హెడ్డుకు ఎంత తొందరగా వదిలించుకుంటుందో చెప్పే మాటలు. లోపలి పింగాణీ ముక్కు పొడుగ్గా ఉంటే వేడి మెల్లగా పోతుంది, అది హాట్ ప్లగ్గు. ముక్కు పొట్టిగా ఉంటే తొందరగా పోతుంది, అది కోల్డ్ ప్లగ్గు. నడిచే బండిలో ప్లగ్గు మొన సుమారు 500 నుంచి 850 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాలి. అంతకు తగ్గితే మసి కాలిపోక పేరుకుని మిస్సింగ్ మొదలవుతుంది. దాటితే స్పార్కు రాకముందే ఆ మొనకే పెట్రోలు అంటుకుంటుంది. మొదటిది ఖర్చుతో పోయే తిప్పలు. రెండోది పిస్టన్‌కు బొక్క పెడుతుంది.

"నల్లగొండ ఎండలు తెలుసుగా, కోల్డ్ ప్లగ్గు వేయాలి" అనేది ఇంకో మాట. మే నెలలో 45 డిగ్రీలు, చలికాలం పగలు 30 డిగ్రీలు అనుకుందాం. తేడా 15. ప్లగ్గు హీట్ రేంజ్ ఒక మెట్టు మారితే మొన వేడిలో వచ్చే తేడా 70 నుంచి 100 డిగ్రీలు. ఎండను చూసి ప్లగ్గు మార్చేవాళ్లు ఈ లెక్క ఒక్కసారి వేసుకోవాలి. ప్లగ్గును వేడెక్కించేది బయటి ఎండ కాదు, బండి మీద పడే లోడు.

ఇక నంబర్లు. ఒక కంపెనీ లెక్క ఇంకో కంపెనీకి తిరగబడుతుంది. ఎన్‌జీకేలో నంబరు పెరిగేకొద్దీ కోల్డ్: 5 కంటే 6, 6 కంటే 7 కోల్డ్. బాష్‌లో నంబరు పెరిగేకొద్దీ హాట్. చాంపియన్‌లోనూ అంతే, పెద్ద నంబరంటే హాట్. ఎన్‌జీకే 6 ఉన్నచోట బాష్‌లో ఇంచుమించు 7 వస్తుంది. ఎన్‌జీకే 7 బదులు బాష్ 7 తెచ్చి పెడితే మీకు తెలియకుండానే ఒక మెట్టు హాట్ వైపు వెళ్లినట్టు.

పాత డబ్బాల సంగతి ఇంకా చిక్కు. పాత షాపుల్లో ఒక్కోసారి మైకో పేరుతో డబ్ల్యూ 175, డబ్ల్యూ 225 లాంటి ప్లగ్గులు బయటపడతాయి. మైకోనే తర్వాత బాష్ అయింది. కానీ ఆ పాత లెక్కలో పెద్ద నంబరంటే కోల్డ్: 225 కంటే 175 హాట్. కొత్త బాష్ లెక్కలో 175కు దగ్గరది 7, 225కు దగ్గరది 5. అంటే ఒకే కంపెనీ, రెండు కాలాలు, రెండు దిక్కులు. ఇది తెలియని కౌంటరు కుర్రాడు "అన్నీ ఒకటే సార్" అంటాడు. ఒకటి కావు. ఇంజను మాన్యువల్‌లో ఉన్న నంబరు పట్టుకుని, కంపెనీ వాళ్ల పట్టికలో సమానమైనది చూసి, చీటీ మీద రాసుకుని షాపుకు వెళ్లండి. నోటి మాట మీద కొనొద్దు.

మాన్యువల్ నంబరే మొదటి నంబరు. దాన్ని మార్చాలా వద్దా అన్నది కోడిగుడ్ల అట్టలో వరుసగా పెట్టిన ఆ ఆరు పాత ప్లగ్గులు చెబుతాయి. అయితే ఇంటి ముందు పది నిమిషాలు స్టార్ట్ చేసి ఉంచిన బండి ప్లగ్గులు చూసి ఏమీ చెప్పలేం, అన్నీ నల్లగానే ఉంటాయి. ఎదురుగా ఎవరూ లేని తిన్నని రోడ్డు మీద, కొద్దిగా ఎగువకు, మూడో గేరులో లోడు మీద కొంత దూరం లాగండి. అదే వేగంలో క్లచ్ నొక్కి ఇగ్నిషన్ ఆపేసి, బండిని పక్కకు తెచ్చి నిలపండి. చల్లారాక ప్లగ్గులు తీసి చూడండి. దిండి దాటి మన్ననూరు, శ్రీశైలం ఘాట్ రోడ్డులో ఈ పని చేయొద్దు. బ్రేకు బూస్టర్ పెట్టించుకున్న బండి అయితే ఇంజను ఆగాక పెడల్ గట్టిపడుతుంది. ఇంకో బండి తాళం సెట్టు వేయించుకుని ఉంటే స్టీరింగ్ లాక్ పడుతుందేమో ముందే చూసుకోండి.

పింగాణీ లేత కాఫీ రంగులో ఉంటే ఆ ప్లగ్గు బాగుంది, ముట్టుకోవద్దు. పాత పుస్తకాల్లో చెప్పిన ముదురు గోధుమ రంగు ఇప్పుడు రాదు. అవి సీసం కలిసిన పెట్రోలు కాలం నాటివి. మన దేశంలో 2000లో ఆ పెట్రోలు పోయింది. ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. పాత కార్బురేటర్‌ను దానికి తగ్గట్టు సర్దకపోతే మిశ్రమం పలచబడి ప్లగ్గు ఇంకా తెల్లబడుతుంది. కాబట్టి కాస్త లేత రంగు కనపడగానే కంగారుపడి కోల్డ్ ప్లగ్గుకు పరుగెత్తకండి, ముందు కార్బురేటర్‌లో పెట్రోలు వదిలే జెట్టును చూపించండి.

ఆరూ ఒకే తీరుగా పొడి మసితో నల్లగా ఉంటే తప్పు ప్లగ్గుది కాదు. చోక్ పూర్తిగా తెరుచుకోవడం లేదేమో, ఎయిర్ క్లీనర్ దుమ్ముతో మూసుకుపోయిందేమో, కార్బురేటర్‌లో ఫ్లోట్ లెవెల్ పైకి ఉందేమో చూడాలి. ఆరూ తెల్లగా, సున్నం పొక్కులు లేచినట్టుంటే టైమింగు ముందుకు ఉందా, ఎక్కడైనా గాలి లాగుతున్నదా, రేడియేటర్ సంగతేంటి అని చూడాలి. ఏళ్ల తరబడి బోరు నీళ్లు పోసిన రేడియేటర్‌లో ఉప్పు గడ్డకట్టి ఉంటుంది. మన దగ్గర బండ్లు వేడెక్కడానికి సగం కారణం అదే.

మధ్యలోని 3, 4 కొద్దిగా నల్లగా, కొసల్లోని 1, 6 కొద్దిగా తెల్లగా ఉన్నాయా? బెంగపడకండి. ఆరు సిలిండర్ల పొడవైన ఇంజనుకు మధ్యలో ఒకే కార్బురేటర్ ఉన్నప్పుడు కొసలకు పెట్రోలు కొంచెం తక్కువ అందుతుంది. ఆ ఇంజను తీరే అంత. దీన్ని "సరిచేస్తా"నని కొసలకో నంబరు, మధ్యకో నంబరు వేసే మేస్త్రీలున్నారు. అలా చేస్తే తర్వాత ప్లగ్గుల రంగు చూసి ఏదీ అర్థం చేసుకోలేరు. ఆరూ ఒకే కంపెనీవి, ఒకే నంబరువి, ఒకే రోజు వేసినవి ఉండాలి. ఇందులో బేరం లేదు.

ఒక్క ప్లగ్గు మాత్రం తడిగా, నూనె జిడ్డుతో నల్లగా ఉంటే ఆ సిలిండర్‌లో రింగులో, వాల్వు గైడో అరిగింది. దానికొక్కదానికి హాట్ ప్లగ్గు పెట్టి నడిపించడం మన షెడ్లలో పాత అలవాటు. కొన్నాళ్లు మిస్సింగ్ ఆగుతుంది, నిజమే. ఈలోపు ఓనరు బాగైందనుకుంటాడు, ఆయిల్ మాత్రం తగ్గుతూనే ఉంటుంది. ఒకరోజు తోట నుంచి లోడుతో వస్తూ గట్టెక్కేటప్పుడు ఆ సిలిండరే ముందు టకటకమంటుంది. కంప్రెషన్ చూపించుకోండి, అరిగింది ఏదో తేలుతుంది.

ఇవన్నీ సరిచేశాక కూడా, ఎప్పుడూ లో గేరులో చేల గట్ల మీద పాకే బండికి ప్లగ్గులు మసిపడుతుంటే ఒక మెట్టు హాట్‌కు వెళ్లొచ్చు. వారం వారం నార్కట్‌పల్లి మీదుగా హైదరాబాద్‌కు హైవే మీద లాగే బండికి ప్లగ్గులు తెల్లగా కాలుతుంటే ఒక మెట్టు కోల్డ్. ఒక్క మెట్టే, రెండో మెట్టు జోలికి పోవద్దు.

5. రకం

మామూలు నికెల్ ప్లగ్గే కొనండి. ఇరిడియం కొత్త బండ్లకు బాగుంటుంది. చోక్ లాగి స్టార్ట్ చేసే కార్బురేటర్ ఇంజనులో అదీ మసిపడుతుంది, కాకపోతే డబ్బు ఎక్కువ పోయాక మసిపడుతుంది. రెండు మొనల మధ్య గ్యాపు సర్దబోతే దాని సన్నటి మొన విరుగుతుంది కూడా. పాయింట్లు (స్పార్కు కోసం కాయిల్ కరెంటును కలిపి తెంపే పాత స్విచ్చు) తీసేసి ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ వేయించుకున్నవాళ్లు రెసిస్టర్ ఉన్న ప్లగ్గు తీసుకోవాలి. పాయింట్ల బండికి ఏదైనా నడుస్తుంది.

నంబరు చదవడం కష్టమేమీ కాదు. బీపీఆర్6ఈఎస్ అని ఎన్‌జీకే ప్లగ్గు మీద ఉందనుకోండి: బీ అంటే 14 మి.మీ. మర, పీ అంటే ముందుకు పొడుచుకొచ్చిన మొన, ఆర్ అంటే రెసిస్టర్, 6 హీట్ రేంజ్, ఈ అంటే 19 మి.మీ. పొడవు. ఈ ఉన్నచోట హెచ్ ఉంటే పొడవు 12.7. చివర 11 అని ఉంటే గ్యాపు 1.1 మి.మీ.తో వస్తుంది, పాయింట్ల ఇగ్నిషన్‌కు అది చాలా ఎక్కువ.

డూప్లికేట్లు బాగా తిరుగుతున్నాయి. అచ్చు అలికినట్టున్నా, మధ్య మొన ఒక పక్కకు ఒరిగి ఉన్నా, వాషర్ వదులుగా ఊడి వస్తున్నా తిరిగి ఇచ్చేయండి. పాత ప్లగ్గును గ్యాస్ పొయ్యి మీద కాల్చి, ఇనుప బ్రష్‌తో గీకి మళ్లీ వేసే పొదుపు వద్దు. బ్రష్ తీగల లోహం పింగాణీకి అంటుకుని, కరెంటు ఆ గీతల వెంట జారిపోతుంది.

6. బిగించడం

పాయింట్ల ఇగ్నిషన్‌కు గ్యాపు 0.7 నుంచి 0.8 మి.మీ. నేను 0.7 పెడతాను, మీరూ అదే పెట్టండి. పక్క మొనను మాత్రమే వంచాలి, మధ్య మొనను తాకొద్దు. ఆరూ కొలవండి, డబ్బా మీద రాసిందాన్ని నమ్మకండి.

మొదట చేత్తోనే చివరిదాకా తిప్పాలి. చేతికి తిరగలేదంటే మర అడ్డంగా పట్టిందని, వెనక్కి తీయండి. వాషర్ ఆనాక పానాతో కొత్త ప్లగ్గును అర చుట్టు నుంచి మూడింట రెండు వంతుల చుట్టు దాకా బిగిస్తే చాలు. వాడిన ప్లగ్గును మళ్లీ వేస్తే పన్నెండో వంతు చుట్టే. టార్క్ పానా ఉంటే ఇనుప హెడ్డుకు 25 నుంచి 35 న్యూటన్ మీటర్లు. మరలకు గ్రీజు పూయకండి, పూస్తే చేతికి తెలియకుండానే ఎక్కువ బిగుస్తుంది.

నాలుగైదు వందల కిలోమీటర్లు తిరిగాక పైన చెప్పినట్టే లోడు మీద ఆపి, 1, 3, 6 తీసి రంగు చూడండి. గ్యాపు సరిచేసిన ఇంకో సెట్టును, ప్లగ్గు పానాను గుడ్డలో చుట్టి సీటు కింద పెట్టుకోండి. సామాను ఇంట్లో ఉండి బండి అమ్రాబాద్ అడవి రోడ్డులో ఆగితే ఫోను సిగ్నల్ కూడా దొరకదు.