వానలకు ముందు బేస్‌మెంట్ సంప్ గుంట జాగ్రత్తలు

గోడలకు బోర్డులు, నేలకు కార్పెట్ వేసిన బేస్‌మెంట్‌లో తడి కంటికి కనపడేసరికే ఆలస్యమైపోతుంది. నేలలో ఊరే నీళ్లు చేరడానికి బేస్‌మెంట్ అడుగున తవ్వే గుంటే సంప్ గుంట. అందులోని పంపు నీళ్లు తోడుతుందే తప్ప ఆవిరిని తోడదు. గుంట మూత సరిగా లేకపోతే ఆ ఆవిరి నేరుగా గదిలోకే వస్తుంది.

కాబట్టి ముందు మూత చూడండి. అంచున రబ్బరు గ్యాస్కెట్, పైపూ వైర్లూ దిగేచోట రబ్బరు గ్రోమెట్లు (సందు మూసే రింగులు) ఉండాలి. సిలికాన్ పూస్తే, రేపు పంపు తీయాల్సివచ్చినప్పుడు కోసి తీయగలిగేట్టు పూయండి. నేలలోంచి గుంట గుండా వచ్చే రేడాన్ అనే రేడియోధార్మిక వాయువునూ ఈ మూత కొంతవరకు ఆపుతుంది.

వెంట్ (గాలి పోయే దారి) దగ్గర చాలామంది తికమకపడతారు. మరుగుదొడ్డి నీళ్లు పడే గుంటకు కప్పు దాటి పోయే వెంట్ పైపు తప్పనిసరి. నేలలో ఊరే నీళ్లే చేరే గుంటకు మామూలుగా అది అక్కర్లేదు. దానికి కావలసింది పంపుకూ, నీళ్లు వెనక్కి రాకుండా ఆపే చెక్ వాల్వుకూ మధ్య, మూతకు దిగువన, పైపుకు సుమారు 5 మిల్లీమీటర్ల బెజ్జం. అది లేకపోతే గాలి ఇరుక్కుని, మోటారు తిరుగుతున్నా నీళ్లు పైకి ఎక్కకపోవచ్చు. కొన్ని పంపులకు తయారీలోనే ఉంటుంది, మాన్యువల్ చూశాకే డ్రిల్ పట్టండి. పంపు నడిచేటప్పుడు అందులోంచి నీళ్లు చిమ్మడం మామూలే. లీకనుకుని టేపు చుట్టకండి.

గుంటలో చెయ్యి పెట్టేముందు ప్లగ్ పీకండి. అడుగున చేరిన బురద, రాళ్లు తీసి, నీటి మట్టాన్ని బట్టి పంపును నడిపే ఫ్లోట్ గుంట గోడకు తగలకుండా సర్దండి. ప్లగ్ పెట్టి 20 లీటర్ల నీళ్లు పోస్తే పంపు దానంతటదే మొదలై, దానంతటదే ఆగాలి. ఆగగానే పైపులోని నీళ్లన్నీ వెనక్కి దూకితే చెక్ వాల్వు పాడైనట్టే. బయట పైపు చివర పునాదికి కనీసం 3 మీటర్ల దూరాన ఉండాలి. తుపాను రాత్రే కరెంటు పోతుంది గనుక బ్యాటరీ పంపును కూడా అలాగే పరీక్షించండి.

గదిలో తేమ 50 శాతం దాటకుండా, గాలిలో తేమ లాగే డీహ్యూమిడిఫయర్ నడపండి. ఉక్కగా ఉన్న రోజు గాలాడాలని కిటికీలు తెరిస్తే, ఆ తేమంతా చల్లటి గోడల మీద నీరవుతుంది.

తడిస్తే 24 నుంచి 48 గంటల్లోపు ఆరాలి, లేదంటే బూజు మొదలవుతుంది. కార్పెట్ కింది ప్యాడ్‌ను మాత్రం ఆరబెట్టే ప్రయత్నం మానేసి తీసి పారేయండి.